పన్ను లేని దేశమున పన్ను



ఈ శీర్షిక క్రింద మేము మామూలుగా పప్పు బియ్యముల లెక్కయు, పాలవాని పద్దును, పిల్లల చదువు ఖర్చును వ్రాయుచుందుము. ఈ మాసమున సముద్రమున కావలి లెక్క నొకదానిని ముట్టవలసి వచ్చినది. అందులకు కారణము మేము చేసిన యొక తప్పు. దానిని దాచక మొదటనే చెప్పుకొందుము.

మాది కరీంనగరు ప్రాంతము. గల్ఫు దేశములకు పోయిన మనిషి లేని వీథి ఇచ్చట లేదు. మా ఇంటికి నాలుగిండ్ల కవతల నున్న యొక చెల్లెలు భర్తతోను ఇద్దరు బిడ్డలతోను సౌదీ అరేబియాలోని రియాదు నగరమున కాపురముండెను. ఆయన యొక దుకాణమున లెక్కలు వ్రాయు గుమాస్తా. నెలకు 4,500 రియాళ్ల జీతము. 2019వ సంవత్సరము జూను మాసమున ఆమె బిడ్డలతో ఊరికి తిరిగి వచ్చినది. "ఇక మీరు ఊరనే యుండుడు, ఖర్చు భరింపలేను" అని మాత్రము చెప్పి భర్త పంపివేసెనట.

వీథి యూరకుండునా? తలకొక మాట పుట్టినది. ఆమె మా వాకిట కూర్చుండి, "అక్కా, జీతము తగ్గలేదు, కొలువు పోలేదు. మేము మాత్రమే బరువైతిమి. దీని కర్థమేమి?" అని కన్నీరు పెట్టుకొన్నది. అప్పుడు మేము ధైర్యము చెప్పవలసినది పోయి, "దూరమున నున్న పురుషుని మనస్సు నెవరు చూచిరి తల్లీ" అంటిమి. ఆ మాటతో ఆమె పదునైదు దినములు భర్త ఫోను తీయలేదు.

పదునారవ దినమున ఆయన నోటుపుస్తకములోని యొక పుటను ఫోటో తీసి పంపెను. ఆమెకు అంకెలు బోధపడక మా యొద్దకు తెచ్చినది. మేమును, మా ఇంటివారును కూర్చుండి దానిని చదివితిమి. చదివినకొలది మా తల వంగినది.

ఆ పుటలో నున్నదిది. సౌదీ ప్రభుత్వమువారు 2017వ సంవత్సరము జూలై నుండి, పరదేశి ఉద్యోగి తనతో నుంచుకొన్న భార్యకును, ప్రతి బిడ్డకును నెలకు 100 రియాళ్ల చొప్పున రుసుము విధించిరి. మరుసటి ఏడు అది 200 అయ్యెను. 2019 జూలైకి 300, 2020 జూలైకి 400 కావలెనని ముందే చాటించిరి. ఆలును ఇద్దరు బిడ్డలును గలవానికి తొలి యేట నెలకు 300 రియాళ్లు, మూడవ యేట 900, నాలుగవ యేట 1,200. అనగా 4,500 రియాళ్ల జీతములో తొలుత పదునైదవ పాలు పోయినది, మూడవ యేట నయిదవ పాలు, నాలుగవ యేట నాలుగవ పాలునకు మించి పోవలసియుండెను. ఇదియు నెలనెలా గాక, ఇకామా అను నివాసపత్రమును మార్పించుకొనునాడు ఏడాది సొమ్ము ముందుగా కట్టవలసియుండెను. మూడవ యేటికి 10,800 రియాళ్లు! ఆ మనిషి ఎచ్చటనుండి తెచ్చును? ఆయన మనస్సు మారలేదు. ఆ దేశపు పద్దు మారినది.

దూరపు కొండలు నునుపన్న సామెత మన మెరిగినదే. గల్ఫు దేశములన్నచో పన్ను లేని దేశములని మన వారికి తరతరముల నమ్మకము. అది చాలకాలము నిజమే. నేలనుండి నూనె యుబికినంత కాలము ప్రభుత్వమునకు ప్రజల సంచి విప్పవలసిన పని లేకపోయెను. కాని 2014వ సంవత్సరము నడుమ నూరు డాలర్లకు పైన నున్న పీపా నూనె ధర, 2016 జనవరి నాటికి ముప్పది డాలర్లకు దిగువకు జారెను. 2015లో సౌదీ ప్రభుత్వపు రాబడికంటె వ్యయము 36,700 కోట్ల రియాళ్లు మించెను. ఒక్క గేదె పాడిమీదనే బ్రతుకు ఇల్లు, ఆ గేదె వట్టిపోయిననాడు ఏమగునో మనము చూడలేదా? అందుచేతనే 2016 ఏప్రిలులో వారు "విజన్ 2030" అను ప్రణాళికను ప్రకటించి, నూనెను నమ్ముకొనక ఇతర వ్యాపారములను పెంచవలెననియు, తమ యువకులకే కొలువు లీయవలెననియు నిశ్చయించిరి. ఆ యేటనే సెల్‌ఫోను దుకాణములలో అమ్మకమును మరమ్మతును తమ దేశీయులకే కేటాయించిరి.

ఆ పిదప వ్యాట్ అను విలువ పన్ను వచ్చినది. మన దుకాణములలో జి.ఎస్.టి. వలెనే ఇదియు కొనువాని చేతినుండియే పోవును. సౌదీయును, ఐక్య అరబ్బు ఎమిరేట్లును 2018 జనవరి 1వ తేదీన నూటికి 5 వంతున మొదలిడినవి. బహ్రెయిను 2019లో 5 విధించి, 2022లో 10 చేసినది. ఒమాను 2021 ఏప్రిలులో 5 విధించినది. సౌదీ మాత్రము 2020 జూలైలో ఒక్క పెట్టున 5ను 15 చేసినది. వేయి రియాళ్ల సామాను కొన్నవానికి ఏబది పోవుచోట నూటయేబది పోవుచున్నది. తమ దేశపు ఉద్యోగుల కిచ్చుచుండిన నెలకు 1,000 రియాళ్ల కరవుభత్యమును సయితము ఆ యేడు జూనునుండి నిలిపిరి గనుక, పరదేశులనే పీడించిరనుట న్యాయము గాదు. కాపురముండు ఇంటి అద్దెపై మాత్రము ఈ పన్ను లేదు. ఇంటికి పంపు సొమ్ముపైనను లేదు. పంపినందుకు తీసికొను రుసుముపై కలదు.

తేనెటీగ పువ్వును నలుపక తేనె గొనునట్లు రాజు పన్ను గొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ నీతికి ఈ రాజ్యము లెంత దూరమో తూచుట మా పని గాదు. మన యింటి పువ్వెంత వాడినదో తెలిసికొనుట మాత్రము మన పనియే.

జీతముపై పన్ను పడునేమో యని కొందరు సోదరీమణులు భయపడుచున్నారు. ఎమిరేట్లలో 2023 జూను నుండి వచ్చిన 9 వంతుల పన్ను వ్యాపార లాభముపై. అదియును 3,75,000 దిర్హములు మించిన లాభముపైననే. కూలికిని జీతమునకును అది తగులదు. ఒమానువారు 2025లో ఆదాయపు పన్ను శాసనము చేసిరి. 2028 జనవరి నుండి, ఏటికి 42,000 రియాళ్లు మించిన రాబడిపై నూటికి 5 వంతున గొందురట. ఆ రియాలు సౌదీ రియాలుకంటె పెక్కు రెట్లు విలువైనది. మన వీథి మేస్త్రీలకును, డ్రైవర్లకును ఆ గడప అందని ఎత్తు. అయినను గల్ఫున జీతము పన్ను కందని దన్న పాత మాటకు మొదటి బీట అదియే.

ఇంకొక మోసము అంకెలలోనే యున్నది. సౌదీ రియాలు 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున కట్టివేయబడినది. మన రూపాయి దిగిన కొలది రియాలుకు రూపాయలు హెచ్చును. 2014లో ఒక రియాలుకు ఇంచుమించు 16 రూపాయలు వచ్చెను, 2024లో 22. ఇచ్చట బ్యాంకులో పడు సొమ్ము పెరిగినది గదా యని మనము సంతోషింతుము. అచ్చట ఆ మనిషి జీతము పెరుగలేదు, తిండి ఖర్చు పెరిగినది. ఆయన పూట తగ్గించుకొని పంపిన సొమ్మును మనము ఆయన యభివృద్ధి యనుకొందుము.

కావున మా మనవి యిది. గల్ఫునకు పోవువారి విషయమున "జీతమెంత?" అని యడుగుట మాని, "మిగులునదెంత?" అని యడుగుడు. భోజనము, గది యెవరివి? ఇకామా రుసుమెవరిది? సౌదీ కార్మిక చట్టము ప్రకారము పనివాని ఇకామా రుసుమును, పని అనుమతి రుసుమును యజమానియే భరింపవలెను. జీతములోనుండి దానిని కోసినచో అది అన్యాయము, అడుగవచ్చును. భార్యాబిడ్డల రుసుము మాత్రము ఉద్యోగిదే. కాపురము తీసికొనిపోవుటకు ముందే ఆ పద్దు వ్రాసి చూచుకొనుడు.

ఇంటి లెక్కను రెండు నిలువులుగా వ్రాయుడు: ఒకటి రియాళ్లలో, ఒకటి రూపాయలలో. మొదటి నిలువు చూచిననే నిజము తెలియును. బ్యాంకులో ఆయన పాత సేవింగ్సు ఖాతా అట్లే యుంచరాదు; విదేశమున నున్నవారి ఖాతాగా మార్పింపవలెను. అచ్చటి సంపాదనను ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేసినచో, ఆయన విదేశవాసిగా నున్నంత కాలము దాని వడ్డీపై మన దేశమున ఆదాయపు పన్ను లేదు. ఎన్.ఆర్.ఓ. ఖాతా వడ్డీపై కలదు.

ఇవన్నియు తెలిసికొనుట శంకించుటకు గాదు, శంకింపకుండుటకు. ఆ పుట మొదటనే ఆమె చేతికి వచ్చియుండిన, పదునైదు దినముల మౌనము వచ్చియుండదు. భార్యను భయపెట్టుటెందుకని ఆయన దాచెను. లెక్కలు తనకు రావని ఆమె యడుగలేదు. తెలిసినవారమని పేరుపడిన మేము తెలియని మాట చెప్పితిమి. ముగ్గురి తప్పులలో మాదే పెద్దది. ఆ సాయంకాలమే ఆమె యింటికి పోయి, ఫోనులో ఆయనతోను మా తప్పు నొప్పుకొంటిమి.

ఆయన నేటికిని రియాదులోనే యున్నాడు. ఏటికొక నెల వచ్చిపోవును. ప్రతి నెల మొదటి శుక్రవారము, ఆయనకు సెలవుదినమున, ఆలుమగలు ఫోను పెట్టుకొని రెండు ప్రక్కల రెండు నోటుపుస్తకములు విప్పి పద్దులు చదువుకొందురు. అంకెలు బోధపడలేదని ఏడ్చిన ఆ చెల్లెలే మొన్న మా వాకిటికి వచ్చి, "అక్కా, ఈ నెల ముప్పది రియాళ్లు తేడా వచ్చినది. మూడు మారులు కూడితిని; తప్పు ఆయనదే" అని నవ్వినది.