స్నానపుగది ఆవిరి ఇంటి వెలుపలికే పోవలయును
ఇంగ్లండునందలి తెలుగు గృహస్థులకు విజ్ఞప్తి



విద్యకొరకును, వైద్యవృత్తికొరకును, కంప్యూటరు ఉద్యోగములకొరకును వచ్చి, హౌన్‌స్లో, స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్ మొదలగు పట్టణములలో ఇండ్లు కొనియో అద్దెకు తీసికొనియో కాపురముండు తెలుగు కుటుంబములు నేడు వేలకొలదిగా నున్నవి. మనము నివసించు ఇండ్లలో పెక్కు, బొగ్గుపొయ్యిలు మండుచు, పొగగొట్టములగుండా గాలి యెడతెగక పోవుచుండిన కాలమున కట్టబడినవి. తరువాతివారు ఆ పొగగొట్టములను మూసి, కిటికీలకు జంట అద్దములు బిగించి, లాఫ్టులో (పైకప్పు క్రింది అటకలో) ఇన్సులేషన్ పరచి వెచ్చదనమును కాపాడుకొనిరి. కాని వెచ్చదనముతోపాటు తేమయు లోపలనే చిక్కుపడుచున్నదని చాలమంది గమనింపరైరి. ఆ తేమకు త్రోవ చూపవలసినదనియు, స్నానపుగది ఫ్యానును లాఫ్టులో సక్రమముగా అమర్చి దాని గొట్టమును ఇంటి వెలుపలివరకు కొనిపోవలసినదనియు, చలికాలము ముదురకమునుపే మిమ్ము ప్రార్థించుటకై ఈ కరపత్రమును ప్రకటించుచున్నాము.

మన జీవనవిధానమున ఆవిరి మెండు. ఇంటిల్లిపాదికిని నిత్యస్నానము, సెలవుదినమున తలంటు, పొయ్యిమీద అన్నము, పప్పు, పులుసు, ఎండ యెఱుగని నెలలలో గదులలోనే ఆరవేయు బట్టలు, ఆరునెలలు ఉండిపోవుటకై వచ్చిన తల్లిదండ్రులు — ఇవన్నియు మన సంసారమునకు శోభయే. వీనిలో దేనినిగాని మానుకొనుమని మేము చెప్పుట లేదు. వీనివలన పుట్టు ఆవిరిని ఏమి చేయుచున్నామన్నదే ప్రశ్న.

గాలి యెంత వెచ్చనిదైన అంత ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల గాలి ఘనమీటరునకు సుమారు 17 గ్రాముల ఆవిరిని ధరింపగా, 0 డిగ్రీల గాలి 5 గ్రాములకు మించి ధరింపజాలదు. మిగిలినది, ఎసరుగిన్నె మూత లోపల బొట్లు కట్టినట్లు, చల్లని తావున నీరై నిలుచును. స్నానపుగది ఫ్యాను సెకనుకు 15 లీటర్ల గాలిని బయటికి తోడవలయునని ఇంగ్లండు గృహనిర్మాణ నిబంధనల మార్గదర్శకము చెప్పుచున్నది. అట్టి ఫ్యాను 20 నిమిషములు తిరిగిన 18 ఘనమీటర్ల గాలిని తోడును. ఆవిరితో నిండిన ఆ గాలి గడ్డకట్టు చలిలోనున్న లాఫ్టులో చేరినచో, ఒక్క స్నానమునకు 200 గ్రాములకు పైగా నీరు విడువగలదు. నలుగురున్న యింట దినమునకు ముప్పాతిక లీటరు దాటును. అందులో కొంత చూరు సందులగుండా పోయినను, తక్కినది కప్పుకొయ్యలకును ఇన్సులేషనునకును దక్కును.

ఎన్నియో ఇండ్లలో జరుగుచున్నది సరిగా ఇదియే. స్నానపుగది కప్పులో ఫ్యాను తిరుగుచునే యుండును. స్విచ్చి వేసిన చప్పుడు వినవచ్చును. గృహస్థుడు నిశ్చింతగా నుండును. కాని ఒక జనవరి ఉదయమున లాఫ్టు తలుపెత్తి టార్చి వేసి చూచినచో, ఫ్యానునుండి వచ్చిన మెత్తని గొట్టము ఎచటికిని చేరక ఇన్సులేషన్ మీదనే నోరు తెఱచుకొని పడియుండుటయు, ఆ చుట్టుపట్ల ఇన్సులేషన్ తడిసి అణగిపోవుటయు, పెంకుల క్రింది తారుపట్టపై చెమ్మ మెఱయుటయు, వాసములలో దిగిన మేకుల మొనలయందు ఒక్కొక్క నీటిబొట్టు వ్రేలాడుటయు కానవచ్చును. మఱికొన్ని యిండ్లలో గొట్టము చూరువఱకు చేరియే యుండును. కాని నడుమ జారి లోతుగా వంగుటచే ఆ వంపున నీరు నిలిచి, వెనుకకు మరలి ఫ్యాను జాలీనుండి చుక్కచుక్కగా కారును. అది చూచి కప్పు కురియుచున్నదని భ్రమించి పెంకులు మార్పించి డబ్బు పోగొట్టుకొనువారు కలరు.

దీని ఫలము కొయ్యతోనే ఆగిపోదు. తడిసిన ఇన్సులేషన్ వేడిని నిలుపజాలదు. దాని క్రింది పడకగది కప్పు చల్లబడును. చల్లబడిన చోట నల్లబూజు పుట్టును. ఆ బూజు విడుచు సూక్ష్మబీజములను ఉబ్బసముగల పసిబిడ్డలును వృద్ధులును రాత్రంతయు పీల్చుదురు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్ పట్టణమున అవాబ్ ఇషాక్ అను రెండేండ్ల బాలుడు మరణింపగా, ఇంటి బూజును దీర్ఘకాలము పీల్చుటవలన కలిగిన శ్వాసకోశవ్యాధియే కారణమని 2022 నవంబరులో మరణవిచారణాధికారిణి నిర్ణయించిరి. ఆ బిడ్డ పేరుతోనే నేడొక చట్టము అమలులోనున్నది. అంతటి మూల్యము చెల్లించి ఈ దేశము నేర్చిన పాఠమును మనము ఉచితముగానే గ్రహింపవచ్చును గదా!

కావున చేయవలసిన దేమి? ఫ్యానును స్నానపుగది కప్పులో గాక లాఫ్టులోనే, గొట్టము నడుమ అమర్చుట మేలు. అప్పుడు షవరు మీద జాలీ మాత్రమే యుండును, కరెంటు తడికి దూరముగా నుండును, చప్పుడును తగ్గును, పొడవైన గొట్టమునకు చాలినంత బలముగల ఫ్యానును ఎన్నుకొనవచ్చును. గొట్టము సాధ్యమైనంత పొట్టిదిగాను, వంపులు తక్కువగాను, గట్టిదిగాను ఉండవలయును. మెత్తనిదే వాడవలసివచ్చినచో ముడుతలు లేకుండ లాగి కట్టవలయును. చల్లని లాఫ్టులో గొట్టమునకు చుట్టును ఇన్సులేషన్ తొడుగు తప్పనిసరి. అడ్డముగా పోవు గొట్టము బయటివైపునకు కొంచెము వాలియుండవలయును. నిలువుగా కప్పును చీల్చుకొనిపోవుదానికి నీరు పట్టు తొట్టి యొకటి అమర్చవలయును. కొస ఎదురుగాలిని ఆపు రెక్కతో కప్పుపైనో గోడవెలుపలనో తేలవలయునేగాని, లాఫ్టులో ఆగరాదు.

లోనికి గాలి రానిదే బయటికి పోదు. అందుచే స్నానపుగది తలుపు క్రింద 10 మిల్లీమీటర్ల సందు విడువవలయును. స్నానము ముగిసిన పిదప మఱి 15 నిమిషములు ఫ్యాను తిరుగునట్లు టైమరు పెట్టించుడు. కరెంటు పని అర్హతగల ఎలక్ట్రీషియనుకే అప్పగింపుడు. లాఫ్టులో అడ్డదూలముల మీదనే గాని నడుమ అడుగు మోపకుడు. చిమ్నీ ద్వారా పొగ పోవు గ్యాసు హీటరు ఇంటనున్నచో, ఫ్యాను ఆ విషవాయువును లోనికి లాగకుండునా యని ముందుగా గ్యాసు ఇంజనీరును విచారింపుడు.

కరెంటు ఖర్చని కొందఱందురు. 30 వాట్ల ఫ్యాను దినమున కొకగంట తిరిగినను నెలకు ఒక యూనిట్ మించదు. వేడి పోవునని మఱికొందఱందురు. పైన చెప్పిన 18 ఘనమీటర్ల గాలిని మరల 20 డిగ్రీలు వెచ్చచేయుటకు యూనిటులో ఎనిమిదవ వంతు చాలును. తడిసిన ఇన్సులేషన్ చలికాలమంతయు పోగొట్టు వేడి యెదుట అది లెక్కకు రాదు. కిటికీ చాలదా యందురా? మంచు కురియు వేళ కిటికీ తెఱచి స్నానము చేయు వారెందఱు?

అద్దెయిండ్లవారు తాము కప్పుకు రంధ్రము చేయరాదు. కాని మౌనము వహింపనక్కఱయును లేదు. నివాసయోగ్యతను గూర్చిన 2018 నాటి చట్టముచే, చెమ్మ లేక, గాలి చక్కగా ఆడునట్లు ఇంటిని నిలుపుట ఇంగ్లండునందు యజమాని బాధ్యత. ఫొటోలు తీసి, తేదీ వేసి, వ్రాతపూర్వకముగా అడుగుడు. ప్రత్యుత్తరము రానిచో స్థానిక కౌన్సిలునకు తెలుపుడు. కౌన్సిలు ఇండ్లలోను గృహసంఘముల ఇండ్లలోను నివసించువారికి 2025 అక్టోబరు 27 నుండి అవాబ్ చట్టము అండగా నున్నది. చెమ్మ, బూజులవలన తీవ్రమైన అపాయమున్నదని తెలిసినచో యజమాని 10 పనిదినములలో విచారింపవలయును. అపాయము నిజమని తేలినచో మఱి 5 పనిదినములలో దానిని తొలగింపవలయును.

ఈ ఆదివారమే, ఫ్యాను వేసి, ఒక పలుచని కాగితపుముక్కను జాలీకి ఆనింపుడు. అది అంటుకొని నిలువకున్నచో ఫ్యాను పని చేయుట లేదు. నిలిచినను తృప్తిపడక, నిచ్చెన వేసి లాఫ్టులోనికి తొంగిచూచి గొట్టము ఎచట ముగియుచున్నదో కన్నులార చూడుడు. వెలుపలికి చేరనిచో ఈ నెలలోనే బాగుచేయింపుడు. పిదప మీ వీథిలోని తెలుగువారికిని, క్రొత్తగా ఇల్లు కొన్న మిత్రులకును, సంక్రాంతి ఉగాది సమావేశములలో కలిసిన బంధువులకును ఈ సంగతి చెప్పి, వారిచేతను చేయింపుడు.