కప్పు కింద చోటెవరికి?

బజారుకెళ్తే మన చూపు ఎక్కడుంటుంది? వంకాయలకు పుచ్చుందేమోనని, తూకంలో మోసముందేమోనని, చిల్లర సరిగ్గా ఇచ్చాడో లేదోనని. తలెత్తి పైకప్పు చూసేదెవరు? బజారు చేసే పని ఆడవాళ్ళది, బజారు కట్టే పని మగవాళ్ళది అని మనకు మనమే పంచేసుకున్నాం. ఈ పంపకం మనకు నష్టం అంటాను నేను.

హైదరాబాదు వెళ్ళినవాళ్ళలో చాలామంది మొజంజాహీ మార్కెట్ చూసే ఉంటారు. కనీసం అక్కడి ఐస్‌క్రీం తిని ఉంటారు. నేనూ మొదట ఐస్‌క్రీం కోసమే వెళ్ళాను. రెండోసారి పనేదీ పెట్టుకోకుండా ఓ గంటసేపు ఆ కట్టడాన్నే చూస్తూ తిరిగాను. ఏడో నిజాం కాలంలో, 1935లో పూర్తయిన మార్కెట్ అది. ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. రోడ్లు కలిసే మూలన గడియారం బురుజు, దానికి అటూ ఇటూ చేతులు చాచినట్టు రాతి వరండాలు, కమాన్లు, గుమ్మటాలు, మధ్యన ఖాళీ ఆవరణ.

అందం సంగతి అలా ఉంచండి. దాని తెలివి చూడండి. గ్రానైటు గోడలు మందంగా ఉంటే ఎండ వేడి లోపలికి తొందరగా దిగదు. కప్పు ఎత్తుగా ఉంటే వేడి గాలి పైకి పోతుంది. ముందు వరండా ఉంటే ఎండ నేరుగా సరుకు మీద పడదు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పళ్ళు, పూలు సాయంత్రందాకా వాడకుండా ఉండాలంటే ఇంతకన్నా మార్గమేముంది? ఊరందరికీ చేతి గడియారాలు లేని కాలంలో బజారుకు గడియారం కూడా అవసరమే.

ఈ తెలివి మన సీమకు కొత్తదేం కాదు. పెనుకొండలో గగన్ మహల్ కమాన్ల కింద నిలబడితే మే నెలలోనూ ప్రాణం హాయిగా ఉంటుంది. హంపీలో గుడి ముందు బారులు తీరిన రాతి మండపాలు ఒకనాటి అంగళ్ళే. రాతినీ నీడనీ వాడుకోవడం తెలిసిన నేల మనది.

మరి ఇప్పుడు మన ఊళ్ళలో మార్కెట్ కాంప్లెక్సుల పేరిట కడుతున్నవేమిటి? తలకు తగిలేంత కిందుగా స్లాబు, గాలి దూరని గదులు, ఇనప షట్టర్లు, ఎక్కలేని మెట్లు. డిపాజిట్టు కట్టగలిగినవాళ్ళకే లోపల చోటు. గంప నెత్తిన పెట్టుకొచ్చే ఆడమనిషి ఎప్పటిలాగే బయట, కాలవ పక్కన.

ధర్మవరంలో ఓ పూలామెను అడిగాను, ఇంత ఎండలో కాసిన్ని నీళ్ళయినా తాగవా అక్కా అని. "తాగితే పోయేదానికి చోటు యాడుందమ్మా?" అంది. తెల్లవారి వచ్చిన మనిషి ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకోదు. హిందూపురం చింతపండుకూ బెల్లానికీ పేరున్న ఊరు, ధర్మవరం పట్టుకు పేరున్న ఊరు. ఇంత వ్యాపారం జరిగే చోట అమ్మే ఆడవాళ్ళు దాహం చంపుకుని కూర్చోవాలా?

పాత కట్టడాన్ని నిలబెట్టుకున్నంత మాత్రాన ఈ సమస్య తీరదు. మొజంజాహీ మార్కెట్‌నే తీసుకోండి. పళ్ళ వ్యాపారం 1980ల్లో కొత్తపేటకు, పూల వ్యాపారం 2009లో గుడిమల్కాపూర్‌కు తరలిపోయాయి. లారీల రద్దీ చూస్తే ఆ మార్పుకు కారణం లేకపోలేదు. 2018లో బాగుచేత మొదలుపెట్టి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. రాయి కడుక్కుని మెరుస్తోంది, సంతోషం. కానీ ఏ పూల కోసం, ఏ పళ్ళ కోసం ఆ నీడ కట్టారో అవి వెళ్ళిపోయాక మనకు మిగిలింది ఫొటో దిగే చోటు. మైసూరు దేవరాజ మార్కెట్‌లో 2016లో ఒక భాగం కూలితే, కూల్చాలా బాగుచెయ్యాలా అన్న తగువు కోర్టు దాకా పోయింది. రెండుచోట్లా గోడల గురించి జరిగినంత చర్చ గంపల గురించి జరగలేదనే నాకనిపిస్తుంది.

మనకో చట్టముంది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం. ప్రతి ఊరికీ ఒక కమిటీ ఉండాలనీ, అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలనీ, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలనీ అది చెబుతోంది. యాభై ఏళ్ళకు మించి సాగుతున్న బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలనీ, అక్కడివాళ్ళను కదిలించరాదనీ కూడా అందులో ఉంది. మన ఊరి కమిటీలో ఏ పూలామె ఉంది, ఏ ఆకుకూరలామె ఉంది? ఎప్పుడైనా అడిగామా?

కొత్త మార్కెట్ ప్లాను గీసేటప్పుడు నాలుగే నాలుగు అడుగుదాం. ఎత్తయిన కప్పు. మెట్లు లేకుండా గంప దించుకునే అరుగు. తాళం వెయ్యని మరుగుదొడ్డి, నీళ్ళు. చంటిపిల్లను పడుకోబెట్టుకునే ఓ నీడపట్టు. ఇవి అడగడానికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. రోజూ బజారుకు పోయే కాళ్ళు, అడిగే నోరు ఉంటే చాలు. ఆ రెండూ మనకున్నాయి కదా!