కవరు కొనేముందు సీటును చూడండి

నంద్యాలలో కారు సీటు కవర్లు కుట్టి బతికేవాణ్ణి నేను. మాది గడివేముల. కవర్లు అమ్ముకునేవాడే కవరు వద్దంటే వింతగా ఉంటుంది. అయినా నా మాట అదే. అసలు తోలు సీటుకు నాలుగు బీటలు పడ్డాయని, రంగు వెలిసిందని దాని మీద రెక్సిన్ తొడిగించుకోకండి. ఇంటి దగ్గరే బాగు చేసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు నేరుగా మా కొట్టుకే వస్తారు. "అన్నా, సీట్లు పోయినాయి, మంచి కవర్లు వెయ్యి" అంటారు. తీరా చూస్తే పోయింది డ్రైవరు సీటుకు తలుపు వైపున్న ఉబ్బెత్తు అంచు ఒక్కటే. ఎక్కినా దిగినా ఒంటి బరువంతా దాని మీదుగానే జారుతుంది. జీన్సు ప్యాంటు రివిట్లు, వెనక జేబులో తాళాలు గీసుకునేదీ అక్కడే. దానికి మా వైపు నాపరాళ్ల దుమ్ము తోడైతే రోజూ ఉప్పు కాగితం పెట్టి రుద్దినట్టే. ఇక ఎండ సంగతా? గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఊరికే పెట్టలేదు. ఆ ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారులో సీటు పైపూత గట్టిపడి బీటలిస్తుంది.

దెబ్బ తగిలేది ముందు ఆ పైపూతకే. కార్లలో వాడే తోలును తరచుగా క్రోమియం ఉప్పులతో పదును చేస్తారు. దాని మీద రంగు, రంగు మీద పల్చని పాలియురెథేన్ పొర ఉంటాయి. పొర అరిగి, రంగు పోయినా అడుగున తోలు చాలాసార్లు గట్టిగానే ఉంటుంది.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే నూనె వైద్యం దీనికి పనికిరాదు. బావి నీళ్లు తోడే కపిలె బానకైనా, కిర్రు చెప్పులకైనా వాడింది తంగేడు చెక్క, కరక్కాయలతో పదును చేసిన తోలు. పూత లేదు కాబట్టి ఆముదం రాస్తే పీల్చుకుని మెత్తబడేది. కారు సీటు నూనె తాగదు. రాసిందంతా పైనే నిలిచి దుమ్ము పట్టి, బట్టలకు అంటుతుంది. తలనూనె తగిలే హెడ్‌రెస్ట్ దగ్గర పూత ఎంత తొందరగా ఊడుతుందో మీరే చూడండి. షూ పాలిష్ అయితే మరీ అన్యాయం, తెల్ల పంచె మీద తేలుతుంది.

ముందు అది తోలో కాదో తేల్చుకోండి. సీటు అడుగున అంచు తిప్పి చూస్తే తోలుకు నూగులాంటి పీచు, రెక్సిన్‌కు బట్ట నేత కనిపిస్తాయి. చాలా కార్లలో కూర్చునే చోటే తోలు, పక్కలన్నీ రెక్సిన్. పొట్టులా రాలే రెక్సిన్‌కు మందు లేదు, ఆ ముక్క మార్చాల్సిందే.

తోలైతే కుట్ల సందుల్లో దుమ్ము లాగేసి, లెదర్ క్లీనర్ నురగతో మెత్తటి బ్రష్షు పెట్టి తుడవండి. నీళ్లు గుమ్మరించకండి. నీడన ఆరాక బీటల మీద సన్నరకం ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఫిల్లర్ పల్చగా పూయండి. ఒక పూత ఆరాకే ఇంకోటి. చేత్తో తడిమితే గీత తగలకూడదు. తర్వాత నీటితో కలిపే లెదర్ రంగును స్పాంజితో అద్దండి, పులమకండి. సీటు కనిపించని మూల ముందు ఒక చుక్క పెట్టి రంగు కలిసిందో లేదో చూసుకోండి. చివర టాప్ కోట్ వేసి, ఒక రోజు దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. ఈ సామానంతా కలిపినా మంచి కవర్ల ఖర్చులో సగం కాదు.

అతుకు పట్టనంతగా చినిగితే ఆ ఒక్క ముక్క మార్చి కుట్టించుకోండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న పట్టీ ఉంటే కవరు విషయంలో మరీ జాగ్రత్త. ప్రమాదంలో ఆ సంచి సీటు పక్క కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మామూలు కవరు బిగిస్తే ప్రాణం కాపాడాల్సిన దానికే అడ్డం కడుతున్నట్టు.

కంపెనీలు కూడా కారులో ఎక్కడ తోలు, ఎక్కడ రెక్సిన్ అన్నది కాగితం మీద రాసివ్వాలి. సీటు రంగు నంబరు చెప్పాలి. ఐటీఐల్లో ఈ పని నేర్పాలి. ఒకప్పుడు కపిలె బాన చినిగితే మాదిగ పెద్దలు అతుకు వేస్తేనే మన చేలకు నీళ్లు పారేవి. ఆ చేతులను ఊరికి దూరంగా ఉంచాం. ఇప్పుడేమో తోలు సీటంటే హోదా. హోదా తోలుది అయినప్పుడు దాన్ని బాగుచేసే పని చిన్నదెలా అవుతుంది? నేర్చినవాడికి తగిన కూలి ఇవ్వండి, లేదా మీరే చెయ్యి పెట్టండి. నాకొక బేరం పోతే పోయింది.