డాబాపై ఆకాశం ఎవరిది? డ్రోన్ నియమాల్లో మిగిలిపోయిన ప్రశ్న

మన ఇళ్లలో డాబా కూడా ఒక గదితో సమానమే. వడియాలు ఆరబెట్టేది, పిల్లలు చదువుకునేది, ఎండాకాలం రాత్రుల్లో పక్కలు పరుచుకునేది అక్కడే. ఆ డాబాకు పదిహేను అడుగుల ఎత్తులో ఒక డ్రోన్ వచ్చి నిలిచిందనుకుందాం. అది ఎవరిది, ఎందుకు వచ్చింది, దాని కెమెరా ఏం చిత్రీకరిస్తోంది అని నిలదీసే హక్కు ఆ ఇంటివారికి ఉందా? ఉంటే ఎవరిని అడగాలి? దేశమంతటా డ్రోన్ల వాడకం విస్తరిస్తున్న ఈ సమయంలో ఇంత సామాన్యమైన ప్రశ్నకు మన చట్టాల్లో సూటి సమాధానం దొరకదు.

ప్రస్తుతం అమల్లో ఉన్న డ్రోన్ నియమాలు 2021 ఆగస్టు 25న వెలువడ్డాయి. అంతకు అయిదు నెలల ముందే తెచ్చిన నిబంధనలు మరీ కఠినంగా ఉన్నాయన్న విమర్శలు రావడంతో ప్రభుత్వం వాటిని ఉపసంహరించి, దరఖాస్తు పత్రాల సంఖ్యను 25 నుంచి 5కు కుదించింది. గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించింది. విమానాశ్రయాలకు, నిషిద్ధ ప్రాంతాలకు దూరంగా ఉన్న ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు డ్రోన్ ఎగురవేయడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు. దేశంలోని పల్లెలు, పట్టణాల్లో అత్యధిక భాగం ఈ మండలంలోనే ఉన్నాయి.

ఈ విభజనలోని తర్కం విమానాల భద్రతకు సంబంధించినది. డ్రోన్ ఎంత పైకి వెళ్లరాదో నియమాలు అడుగుల లెక్కన చెప్పాయి. ఇతరుల ఇంటి మీద ఎంత కిందికి దిగరాదో మాత్రం చెప్పలేదు. పైకప్పు నిర్ణయించారు గానీ, అడుగు హద్దు గీయలేదు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

భూమి ఎవరిదైతే దానిపై ఆకాశం కూడా వారిదేనన్న పాత న్యాయసూత్రం విమానయుగంలో నిలవలేదు. ఇంటి మీదుగా అతి తక్కువ ఎత్తులో సైనిక విమానాలు ఎగరడం వల్ల కోళ్లు బెదిరి చనిపోయి ఉపాధి కోల్పోయిన ఒక అమెరికన్ రైతు కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు 1946లో ఈ మాట స్పష్టం చేసింది. ఆకాశం ప్రజలందరి రహదారి అంటూనే, నేలకు ఆనుకుని ఉన్న గగనతలం మీద యజమానికి హక్కు ఉంటుందని, ఆ రైతుకు పరిహారం పొందే హక్కు ఉందని తీర్పు చెప్పింది. తన ఎస్టేటును విమానం నుంచి ఫొటో తీశారని బ్రిటన్‌లో ఒక ప్రభువు వేసిన దావాలో అక్కడి న్యాయస్థానం 1977లో ఇదే తరహా కొలమానాన్ని అనుసరించింది. భూమిని సాధారణంగా అనుభవించడానికి అవసరమైనంత ఎత్తు వరకే యజమాని హక్కు చెల్లుతుందని పేర్కొంటూ ఆ దావాను తోసిపుచ్చింది.

మన దేశంలో 1934 నాటి విమాన చట్టంలోని 17వ సెక్షన్ ఇదే విషయాన్ని మరోలా చెప్పింది. సహేతుకమైన ఎత్తులో విమానం ఎగిరినంత మాత్రాన అక్రమ ప్రవేశమని గానీ, ఇబ్బంది కలిగిందని గానీ సివిల్ దావా వేయరాదన్నది దాని సారాంశం. ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. కానీ వేల అడుగుల ఎత్తున సాగిపోయే విమానాల కోసం రాసిన ‘సహేతుకమైన ఎత్తు’ అన్న మాట, కిటికీ ముందు గాలిలో నిలవగలిగే యంత్రానికి ఎలా వర్తిస్తుంది? పదిహేను అడుగులు సహేతుకం కాదని వాదించవచ్చు. అయితే ఆ వాదన తేలేసరికి సివిల్ కోర్టులో ఏళ్లు గడుస్తాయి.

క్రిమినల్ చట్టం పరిధి కూడా పరిమితమే. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. కానీ డ్రోన్ నియమాల్లో గోప్యతకు ప్రత్యేక నిబంధన లేదు. ఏకాంతంలో ఉన్న మహిళలను రహస్యంగా చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఆ పరిధిలోకి రాని చిత్రీకరణకు అది వర్తించదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తిగత, గృహ అవసరాల కోసం చేసే పనులను మినహాయించింది. అంటే సరదా కోసం డ్రోన్ ఎగురవేసే పొరుగువారి విషయంలో అది పెద్దగా అక్కరకు రాదు.

ప్రజల భద్రత దీనితో ముడిపడిన మరో అంశం. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతో జరిగిన దాడి ఈ యంత్రాల ప్రమాదకర ముఖాన్ని దేశానికి చూపింది. 2025 వేసవి తర్వాత పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో మరో రకం ముప్పు కనిపించింది. దొంగలు డ్రోన్లతో ఇళ్లను గుర్తిస్తున్నారన్న వదంతులు వ్యాపించి గ్రామాలు రాత్రంతా కాపలా కాశాయి. అమాయకులపై దాడులు జరిగాయి. పైన తిరిగేది ఎవరిదో తెలుసుకునే మార్గం లేనప్పుడు భయం చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటుంది.

అలాగని నిషేధాలు పరిష్కారం కావు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు పడవలు చేరలేని చోట్లకు ఆహారం, మందులు అందించినవి డ్రోన్లే. వికారాబాద్‌లో 2021లోనే వాటితో మందుల రవాణాను పరీక్షించారు. స్వామిత్వ పథకం కింద గ్రామాల్లో ఇళ్ల స్థలాలను కొలిచేది, స్వయం సహాయక సంఘాల మహిళలు పొలాలపై మందు పిచికారీ చేసేది ఈ యంత్రాలతోనే. ఇంటి స్థలానికి హక్కు పత్రం ఇప్పించే సాధనమే ఆ ఇంటి ఏకాంతానికి ముప్పు కాకుండా చూడటం చట్టం బాధ్యత.

కేంద్రం 2025 సెప్టెంబరులో పౌర డ్రోన్ల ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి పెట్టింది. ఉల్లంఘనలకు జైలు శిక్షలు, పోలీసులకు సోదా అధికారాలు ప్రతిపాదించడంపై పరిశ్రమ వర్గాలు ఆందోళన తెలిపాయి. అయితే శిక్ష ఎంత అన్నదానికన్నా ముందు హద్దు ఎక్కడ అన్నది తేలాలి. నివాసాల మీద, యజమాని సమ్మతి లేకుండా దిగరాని కనీస ఎత్తును చట్టమే నిర్ణయించాలి. సర్వే, సహాయ చర్యల వంటి ప్రజాప్రయోజన పనులకు ముందస్తు సమాచారంతో మినహాయింపు ఇవ్వవచ్చు. డ్రోన్ ఉనికిని ఎప్పటికప్పుడు తెలిపే సంకేత పరికరాన్ని తర్వాత తప్పనిసరి చేస్తామని 2021 నియమాలే చెప్పాయి. ఆ సమాచారం స్థానిక పోలీస్ స్టేషన్‌కు అందాలి. అప్పుడే ఫిర్యాదుకు విలువ ఉంటుంది. డ్రోన్ వల్ల నష్టం జరిగితే మోటారు వాహనాల చట్టం తరహాలో మూడో పక్షం బీమా, పరిహారం వర్తిస్తాయని నియమాల్లో ఉంది. ఈ సంగతి ఎంతమంది బాధితులకు తెలుసు?

ఈలోగా పౌరులు కూడా సంయమనం పాటించాలి. డ్రోన్‌పై రాయి విసిరితే అది కింద ఉన్నవారిపైనే పడవచ్చు, కేసు విసిరినవారిపైనే నమోదు కావచ్చు. సమయం, చోటు గుర్తుపెట్టుకుని, వీలైతే ఫొటో తీసి, 112కు తెలియజేయడమే సరైన మార్గం. అయితే ఆ ఫోన్ అందుకున్న అధికారికి ఏ చట్టం కింద ఏం చేయాలో తెలిసి ఉండాలి. అందుకు కావలసిన అడుగు హద్దును గీయవలసింది పార్లమెంటే.