రోజా సరే, ఇఫ్తార్ తర్వాత సంగతేమిటి?

గత పదేళ్ళుగా లోకానికి ఉపవాసం మీద ఎక్కడలేని మోజు పుట్టింది. రోజుకు పదహారు గంటలు పస్తుండి మిగిలిన ఎనిమిది గంటల్లోనే తినమని ఒకరు, వారానికి రెండు రోజులు అర్ధాకలితో గడపమని ఇంకొకరు, ఏకంగా మూడేసి రోజులు మంచినీళ్ళ మీదే ఉండిపొమ్మని మరొకరు సెల్‌ఫోన్ తెర మీద నుంచి బోధిస్తున్నారు. మన తెలుగునాట 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచినేని రామకృష్ణ గారి ఆహార పద్ధతి గురించి చర్చ జరగని ఊరు లేదు. అన్నం మాని, నూనె, నీళ్ళు, నిమ్మకాయల మీద రోజులు గడిపినవారు మన మొహల్లాల్లోనూ ఉన్నారు. ఇప్పుడు డెబ్భై రెండు గంటల నీటి ఉపవాసం వచ్చి చేరింది. షుగరు తగ్గుతుందని, కాలేయానికి పట్టిన కొవ్వు కరుగుతుందని, పొట్ట దిగుతుందని ఆశ.

ఇదంతా చూసి మనవాళ్ళు కొందరు మహా సంబరపడుతున్నారు. సైన్సు ఈనాడు కనిపెట్టినది మాకు పద్నాలుగు వందల ఏళ్ళనాడే తెలుసునంటూ సందేశాలు పంపుకుంటున్నారు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమీకి 2016లో వచ్చిన నోబెల్ బహుమతిని తీసుకెళ్ళి రంజాన్ రోజాల ఖాతాలో జమ చేసేశారు. నిజానికి ఆయన పరిశోధించింది ఈస్టు కణాలను. కణం తనలో పాడైపోయిన భాగాలను తానే విడగొట్టి ఎలా తిరిగి వాడుకుంటుందో, ఆ పనిని నడిపే జన్యువులేవో కనిపెట్టారు. ఆకలిగొన్న కణాల్లో ఈ పని జోరందుకుంటుందన్న మాట వాస్తవమే. అంతమాత్రాన మనిషి ఇన్ని గంటలు పస్తుంటే ఇన్ని రోగాలు పోతాయని ఆ బహుమతి ఎక్కడా ధ్రువీకరించలేదు. దీన్ గొప్పతనం చాటడానికి లేని మాటలు కల్పించుకోవలసిన అగత్యం మనకేముంది?

రోజా ఆరాధన. దాని ఉద్దేశం భయభక్తులు అలవడటమని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా (2:183) చెబుతోంది గాని, నడుము కొలత తగ్గడమని కాదు. ఆరోగ్యం దాని వెంట రావచ్చు, రాకపోనూవచ్చు. అది మనం తినే తీరును బట్టి ఉంటుంది. మేము ఇక్కడ ప్రస్తావించదలచింది ఆ తీరునే.

ముందు శరీరం లోపలి లెక్క చూద్దాం. తిన్నది అరిగి రక్తంలో చక్కెరగా మారగానే ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి చేరవేస్తుంది. మిగిలినది కాలేయంలో నిల్వ చేరుతుంది, అక్కడా నిండితే కొవ్వుగా మారుతుంది. తిండి ఆగినప్పుడు ఈ క్రమం తిరగబడుతుంది. సహెరీలో తిన్నది అరిగిపోయాక కాలేయం తన నిల్వలోంచి కొంచెం కొంచెంగా చక్కెర వదులుతూ వస్తుంది. ఆ నిల్వ పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో అడుగంటుతుంది. ఇక శరీరం ప్రధానంగా కొవ్వు మీద నడవాలి. హైదరాబాదులో మార్చి నెల రోజా సుమారు పదమూడున్నర గంటలు. అంటే కొవ్వు వంతు వచ్చీ రాకముందే మగ్రిబ్ అజాన్ వినిపిస్తుందన్నమాట. నీటి ఉపవాస ప్రచారకులు సరిగ్గా ఇక్కడే అందుకుంటారు. అక్కడితో ఆపకండి, ఇంకో రెండు రోజులు పొడిగించండి, అసలు లాభం అప్పుడే అంటారు.

ఇలా ఇఫ్తార్ లేకుండా రోజాకు రోజా జోడించడానికి మన షరీఅత్‌లో 'విసాల్' అని పేరుంది. మహాప్రవక్త (స) తమ సహచరులను దాని నుంచి వారించారు. బుఖారీలోనూ, ముస్లింలోనూ ఈ హదీసు ఉంది. మరీ కొనసాగించదలచినవారు సహెరీ వేళ దాకా ఉండవచ్చునన్నారు, అంతకు మించి కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) విడవకుండా రోజాలు పాటిస్తున్నారని తెలిసినప్పుడు ఆయన శరీరానికి కూడా ఆయన మీద హక్కు ఉందని గుర్తుచేశారు. నెలకు మూడు చాలునన్నారు. నాకింకా శక్తి ఉందని ఆయన పట్టుబట్టగా, చివరకు హజ్రత్ దావూద్ (అలై) పద్ధతి దాకా, అంటే రోజు విడిచి రోజు ఉండటానికి అనుమతించి, అంతకు మించినది లేదన్నారు. పొద్దు గుంకగానే ఇఫ్తార్ చేయడం సున్నత్. సహెరీ తినడం సున్నత్. ఉపవాసం ఎంత పొడవైతే అంత ఘనత అనే లెక్క మన దగ్గర లేదు.

పొడవాటి ఉపవాసాలను సమర్థించేవారు స్కాట్లండ్‌కు చెందిన ఆంగస్ బార్బియరీ పేరు తరచూ తెస్తారు. 1965, 1966 సంవత్సరాల్లో ఆయన 382 రోజులు ఆహారం లేకుండా గడిపి, సుమారు 207 కిలోల నుంచి 82 కిలోలకు దిగిన మాట నిజం. అయితే ఆయన డండీ నగర వైద్యుల పర్యవేక్షణలో ఉన్నారు. విటమిన్లు, లవణాలు ఇచ్చారు. రక్తం, మూత్రం పరీక్షిస్తూ వచ్చారు. ఈ సగం కథ మాత్రం వీడియోల్లో వినిపించదు.

పైగా దీర్ఘ ఉపవాసంలో పెద్ద గండం పస్తున్నప్పటికంటే పస్తు విరమించేటప్పుడు పొంచి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో, నెలల తరబడి మాడిన ఖైదీలు కడుపునిండా తిండి దొరికాక ప్రాణాలు వదలడం వైద్యులను కలవరపరచింది. కారణం తర్వాత తెలిసింది. ఎండిన శరీరంలో ఒక్కసారిగా చక్కెర పడగానే ఇన్సులిన్ ఉప్పెనలా వస్తుంది. దానితోపాటే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. రక్తంలో వాటికి కరువొచ్చి గుండె లయ తప్పుతుంది. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని రోగికి మొదట అతని అవసరంలో సగానికి మించి ఆహారం ఇవ్వవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజూ విరమించే రంజాన్ రోజాకు ఈ గండం లేదు. కాని విరమించే పద్ధతిలోనే ఉపవాసం ఫలితం తేలుతుందన్న సూత్రం దానికీ వర్తిస్తుంది.

ఇక మన దస్తర్‌ఖాన్ దగ్గరకు వద్దాం. మహాప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే కొన్ని గుటకల నీటితో రోజా విరమించి, ఆపైన మగ్రిబ్ నమాజు చేసేవారు. ఎంత తేలికైన ఆరంభం! కొంచెం తీపి, కొంచెం నీరు, ఆ తర్వాత కడుపుకు విరామం. మరి మన ఇళ్ళల్లో? ఖర్జూరం పేరుకే. వెనువెంటనే గ్లాసుడు ఎర్రటి షర్బత్. మిర్చి బజ్జీలు, సమోసాలు, లుక్మీలు, దహీవడలు, చక్కెర చల్లిన పండ్ల ముక్కలు. నమాజు కాగానే హలీం. తరావీహ్ ముగించుకుని వచ్చి బిర్యానీయో, బగారా అన్నం దాల్చాయో. అర్ధరాత్రి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. 2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలంతా దుకాణాలు రేయింబవళ్ళు తెరుచుకోవచ్చునని అనుమతించింది కూడా. వ్యాపారులకు మేలే, చిన్న బండివాళ్ళకు మరీ మేలు. మన పేగులకు మాత్రం సెలవు లేకుండా పోయింది. పగలు పదమూడు గంటలు మిగుల్చుకున్నది రాత్రి ఆరేడు గంటల్లో రెట్టింపుగా వెనక్కి వస్తే బరువు ఎలా తగ్గుతుంది?

హలీంను తిట్టడం మా ఉద్దేశం కాదు సుమా. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న వంటకం అది. గోధుమలు, పప్పులు, మాంసం, నెయ్యి కలిసి గంటల తరబడి ఉడికిన సంపూర్ణ భోజనం. చిక్కంతా దాన్ని భోజనంగా కాక భోజనానికి ముందు చిరుతిండిగా లెక్కగట్టడంలోనే ఉంది. ఖర్జూరం కూడా అంతే. బేసి సంఖ్యలో తినాలని ఏడు దాకా పోతాం. మెడ్జూల్ రకం పెద్ద ఖర్జూరం ఒక్కదానిలోనే సుమారు 16 గ్రాముల చక్కెర ఉంటుంది. ఒకటి కూడా బేసి సంఖ్యే కదా! ఇంకో సంగతి, ఒకే భోజనం పొద్దుట తింటే పెరిగే షుగరు కంటే రాత్రి పొద్దుపోయాక తింటే పెరిగేది ఎక్కువ. శరీరానికి దాని గడియారం దానికుంది. తరావీహ్ తర్వాత రెండో భోజనం చేయడం ఆ లెక్కన నష్టమే. తరావీహ్ మాత్రం శరీరానికి మంచి వ్యాయామం, దానికి ముందు కడుపు బరువెక్కకుండా ఉంటే.

కోస్తా, రాయలసీమల్లో చాలా మసీదుల్లో ఇఫ్తార్‌కు పోసే గంజి గుర్తుందా? బియ్యం, పెసరపప్పు, కాసిన్ని కూరగాయలు, ఉంటే కొద్దిగా ఖీమా. నీరూ, ఉప్పూ, పప్పూ ఒకే గిన్నెలో దొరుకుతాయి, ఖర్చు తక్కువ. నూనెలో దేవిన పదార్థాల పళ్ళేలు వచ్చి ఆ గిన్నెను పక్కకు నెట్టేస్తున్నాయి. అసర్ నుంచి మగ్రిబ్ దాకా, నోట్లో నీటి చుక్క లేకుండా కాగే నూనె ముందు నిలబడే మన ఆడవాళ్ళ సంగతి ఎవరూ అడగరు. బజ్జీలు మానితే ముందుగా సుఖపడేది వాళ్ళే. ఖుర్ఆన్ పారాయణానికి ఆ గంట వాళ్ళకూ మిగులుతుంది.

సహెరీ విషయంలో తప్పు రెండు రకాలు. అర్ధరాత్రి ఒంటిగంటకు తినేసి పడుకుని సహెరీ ఎగ్గొట్టడం ఒకటి. మూడు పూటల తిండి ఒకే పూట కూరడం రెండోది. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, ఖీమా వంటివి నిదానంగా అరుగుతాయి. తెల్లన్నం, పరోటా, తీపి చాయ్ మధ్యాహ్నానికే నీరసం తెస్తాయి. ఇష్టమైన ఖిచ్డీ మానక్కర్లేదు, అందులో బియ్యం తగ్గించి పప్పు పెంచితే చాలు.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నామంటే, మన ఇళ్ళల్లో షుగరు లేని ఇల్లు వెతుక్కోవలసి వస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మేం సన్నగానే ఉన్నాం కదా అని ధీమా పడటానికి లేదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమనే ఉదాహరణగా చూపుకున్నారు. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సమానమే. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9 శాతం, యాజ్ఞిక్‌కు 21 శాతం. మనది చూడటానికి సన్నగా కనిపించే కొవ్వు శరీరం.

షుగరు ఉన్న పెద్దలు మన మాట వినరు. ప్రాణం పోయినా సరే రోజా వదలనంటారు. ఆ నిష్ఠను గౌరవిస్తూనే కొన్ని నిజాలు వారి ముందు పెట్టాలి. 13 దేశాల్లో పన్నెండు వేలకు పైగా రోగులను 2001లో పరిశీలించి 2004లో ప్రచురించిన ఎపిడియార్ అధ్యయనంలో, రెండో రకం మధుమేహం ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం పదిహేను రోజాలు ఉన్నట్టు తేలింది. ఆ నెలలో వారికి షుగరు ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలవడం మామూలు నెలలకంటే 7.5 రెట్లు పెరిగింది. అదే నెలలో షుగరు విపరీతంగా పెరిగి ఆసుపత్రిలో చేరడం కూడా సుమారు 5 రెట్లు పెరిగింది. మొదటిదానికి కారణం పగటి పస్తుతోపాటు మందుల మోతాదు మార్చుకోకపోవడం. రెండోదానికి మన రాత్రి విందుల పాలు తక్కువేమీ కాదు.

ఇన్సులిన్ వాడేవారికి, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మింగేవారికి షుగరు పడిపోయే ముప్పు ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి తక్కువ. కాబట్టి రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే, అంటే రజబ్ నెలలోనే, డాక్టరును కలిసి మందుల వేళలు, మోతాదులు సరిచేయించుకోవాలి. రోజాలో వేలికొన గుచ్చి రక్తం పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలెమా చెబుతున్నారు. పరీక్షలో షుగరు 70 కంటే తక్కువ ఉన్నా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని వైద్యుల మాట. అసర్ దాటిపోయింది, ఇంకో గంటే కదా అని ఆగకూడదు. రోగికి, ప్రయాణికునికి వేరే రోజుల్లో పూర్తిచేసుకునే వెసులుబాటును, ఎన్నటికీ ఉండలేనివారికి ఫిద్‌యాను ఇచ్చింది అల్లాహ్‌యే. తన దాసులకు ఆయన కోరేది సౌలభ్యమేనని అదే బఖరా సూరా (2:185) తెలుపుతోంది. మసీదు కమిటీలు ఇఫ్తార్ విందుల లెక్కలు మొదలుపెట్టకముందే ఒక జుమా తర్వాత డాక్టరును, ముఫ్తీ సాహెబ్‌ను పక్కపక్కన కూర్చోబెడితే ఈ ముడి సగం విడిపోతుంది. ముఫ్తీ సాహెబ్ నోట విన్నాక గాని మన నానీ, దాదీల మనసు కుదుటపడదు.

పండగ తర్వాతి సంగతి కూడా ఉంది. రంజాన్‌లో తగ్గేది సగటున కిలో ఒకటిన్నర లోపే, అదీ కొన్ని వారాల్లో తిరిగి వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ పరిశోధనలో రోగులకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారమిచ్చారు. ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగరు నుంచి బయటపడ్డారు. పదిహేను కిలోలు పైగా తగ్గినవారిలో అది 86 శాతం. రెండేళ్ళకు వచ్చేసరికి 46 కాస్తా 36 అయింది, తగ్గిన బరువు తిరిగి పెరిగినకొద్దీ షుగరు కూడా వచ్చింది. చైనాలో 139 మందిపై జరిగి 2022లో వెలువడిన మరో పరిశోధనలో, తిండి తగ్గించినవారికి తినే గంటలను కూడా కుదిస్తే అదనపు లాభమేమీ కనబడలేదు. గంటలు లెక్కపెట్టడం కన్నా పళ్ళెంలో ఎంత పడుతోందో చూసుకోవడమే ముఖ్యమని దాని అర్థం.

షీర్ ఖుర్మా పండగనాడు తాగుదాం. మరుసటి రోజు నుంచి షవ్వాల్ ఆరు రోజాలు, ఆపైన సోమ, గురువారాలు, ప్రతి చాంద్రమాసంలో 13, 14, 15 తేదీలు ఉండనే ఉన్నాయి. ఇవి ఆరోగ్యవంతుల మాట. షుగరు మందులు వాడేవారు వీటికి ముందు కూడా డాక్టరును అడగాలి. ఈ రోజాలకు బజారులో హలీం బట్టీలు వెలగవు, ఇఫ్తార్ విందులుండవు. ఇంట్లో వండుకున్న మామూలు భోజనంతోనే విరమిస్తాం.