రన్‌వే కింది బాయి ముచ్చట

పొద్దుగాల ఆరు గంటలకు శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు మీది చాయ్ హోటల్ కాడ నిలబడి చూడండి. ఎయిర్‌పోర్టులో నైట్ షిఫ్ట్ దిగినోళ్లు, డ్యూటీ ఎక్కేటోళ్లు కలిసే జాగ అది. మెడలో కార్డు, చేతిలో చాయ్, నోట్లో ముచ్చట.

ఆ మధ్య మేము పోయినప్పుడు ట్రాలీలు తోసే ఓ పెద్దమనిషి కొత్తగా చేరిన పిల్లగానికి చెప్తున్నడు: "గా పార్కింగ్ ఉన్నది సూడు, గాడ్నే మా బాయి ఉండె బిడ్డా. ఎండకాలం గూడ నీళ్లుండె." పిల్లగాడు పాలమూరోడు. వారం తిరిగేసరికి ఆ ముచ్చటను వాడే ఇంకొకనికి చెప్పబట్టిండు. "మా కాక బాయి" అంటున్నడు. వానికి అక్కడ గుంట జాగ లేదు. అయినా ఆ కొలువులో నిలబడటానికి వానికో చోటు దొరికింది.

కంపెనీల ట్రైనింగ్ క్లాసుల్లో చెప్పే కథ వేరు. మనమంతా ఒక్క కుటుంబం, ప్రపంచస్థాయి, చిరునవ్వు మరువొద్దు. 2008 మార్చి 23న ఇక్కడి నుంచి విమానాలు లేచినయి. అంతకుముందు ఆ సుమారు 5,500 ఎకరాల్లో మామిడిపల్లి, గొల్లపల్లి మనుషులున్నరన్న సోయి అసొంటి కథలకు ఎక్కడిది?

ఉద్యమం మాత్రం ఎక్కడ పుట్టింది? సభలకంటే ముందు ఆఫీసుల్లో, టిఫిన్ డబ్బాల కాడ. 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవోను చదివినోళ్లకంటే విన్నోళ్లే ఎక్కువ. సీనియారిటీ లిస్టులో పేరు ఎట్ల కిందికి జారింది, మన మాట వింటే పక్క సీటాయన ఎట్ల నవ్విండు... ఒక్కని గోస నలుగురి నోట్లో పడి అందరి గోస అయింది. 2011లో సకల జనుల సమ్మెకు 42 రోజులు నిలబడ్డ ఉద్యోగులు జీవో నంబర్లు చూసి జీతం వదులుకోలేదు.

ఒకటి ఒప్పుకోవాలె. ఆ ముచ్చట్లలో అతి కూడా ఉండె. పక్క సీటు గుమాస్తా కూడా మనలెక్కనే అప్పుల్లో ఉన్నోడన్న సంగతి మేము ఎన్నడూ చెప్పుకోలేదు.

2014 నవంబర్‌లో దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెడితే మన అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. మేమూ గొంతు చించుకున్నం. ఆ పేర్ల పంచాయితీలో గొల్లపల్లి పేరును మేమైతే ఎత్తలేదు.

ఆ పెద్దమనిషికి ఇంక రెండేండ్ల కొలువుంది, కాంట్రాక్టర్ మారకపోతే. స్టూడెంట్లూ, మీ ఫోన్లలో రికార్డు చేసుకోవడానికి ఒక్క పొద్దు చాలు. హోటల్ నాలుగున్నరకే తెరుస్తరు.