మన ఇల్లు – మన పిల్లలు: జోడెడ్ల లాంటి బండి



“పట్నంలో చదువుకునే మా వాడు పాత మోటారు సైకిలు కొన్నాడు. దానికి ఇంకేవో సామాన్లు మార్చాలట, డబ్బు పంపమంటున్నాడు. పంపమంటారా?” అని ఒక తండ్రిగారు వ్రాసిన ఉత్తరము ఈ నెల మాకు అందినది. వద్దని ఒక్క మాటలో వ్రాసి ఊరుకోవచ్చును. కాని ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ పుట్టింది, అప్పుడు మేము చెప్పిన జవాబు తప్పయింది. అందుచేత జరిగినదంతా చెప్తాము.

మా చిన్నవాడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ తార్నాకలో గది తీసుకున్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో రాజ్‌దూత్ 350 కొన్నాడు. మన ఊళ్లలో పాలవాళ్లు క్యాన్లు కట్టుకుని తిరిగిన రాజ్‌దూత్ అనుకునేరు, అది వేరు. ఇది జపాను యమహా వారి ఆర్.డి. 350 నమూనాను ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుండి మన దేశంలో తయారుచేసి అమ్మిన పరుగు బండి. 347 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. పెట్రోలు నీళ్లలా త్రాగేది. దశాబ్దం తిరగకముందే తయారీ ఆగిపోయింది. అప్పటి నుండి ఈ బండ్లు ఒకదాని అవయవాలు మరొకదానికి అతికించుకుంటూ బ్రతుకుతున్నాయి.

“సైలెన్సర్లు తీసి ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు వేయిస్తే ఇంకా బాగా లాగుతుంది నాన్నా” అని వాడు ఫోను చేశాడు. మేము ఇద్దరమూ వంతులవారీగా కేకలు వేసి పెట్టేశాము. ఆ తరువాత వాడు బండి మాట ఎత్తడమే మానివేశాడు. మేము సంతోషించాము, బుద్ధి వచ్చిందనుకున్నాము. రెండు నెలలకు వాడి చేతికి కట్టు ఉన్నదని వాడి స్నేహితుని ద్వారా తెలిసింది. రాత్రి రైలెక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడి నుండి తార్నాకకు వెళ్లాము.

పడిపోయినది ఆర్ట్స్ కాలేజీ దగ్గర రోడ్డు మీద, తెల్లవారుజామున. 1939లో తెరిచిన ఆ రాతి భవనం ముందు ఆ వేళ ఎందరో నడకకు వస్తారు. దేవుని కృప వలన ఎవరికీ తగలలేదు. బండి పోతూ పోతూ ఉండగా ఇంజను బిగుసుకుపోయి వెనుక చక్రము ఒక్కసారిగా పట్టేసిందట. వాడు క్లచ్చి నొక్కాడు కాబట్టి చక్రము విడిపోయింది, లేకపోతే సంగతి వేరు.

ఎందుకు బిగిసింది? తార్నాకలో ఒక సందులో ఉన్న మెకానిక్కుగారు మాకు బల్ల వేసి కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. టూ స్ట్రోకు ఇంజనులో పిస్టనుకు కావలసిన నూనె పెట్రోలుతో పాటే లోపలికి పోవాలి. అందుకని కంపెనీవారు వేరే నూనె తొట్టి, ఒక పంపు పెట్టారు. అంతకు ముందటి యజమాని ఆ పంపు తీసేసి, పెట్రోలులోనే నూనె కలుపుకునేవాడు. మా వాడు ఆ రోజు తొందరలో బంకులో ఉత్త పెట్రోలు పోయించుకున్నాడు. అంతే.

ఆయన ఇంకా విప్పి చూపించారు. ఈ బండి ఎల్.టి., హెచ్.టి. అని రెండు రకాలుగా వచ్చిందట. ఒకటి 27 గుర్రాల బలము, రెండవది 30.5. మా వాడి బండికి ఒక ప్రక్క ఎల్.టి. సిలిండరు, రెండవ ప్రక్క హెచ్.టి. సిలిండరు! సేద్యము తెలిసినవారికి ఇక చెప్పనక్కరలేదు. బలమైన ఎద్దును బక్క ఎద్దుతో జోడు కడితే కాడి ఏమవుతుందో మనకు తెలియదా? రెండు కార్బొరేటర్లు ఒక్కసారే తెరుచుకునేటట్లు తీగలు సరిచేయాలి. మెకానిక్కుగారు రెండు సైలెన్సర్ల వెనుక రెండు అరచేతులు పెట్టి, గాలి సమానంగా తన్నుతున్నదా అని చూసే విధానము మాకు చాలా నచ్చింది.

పాత వస్త్రమునకు క్రొత్త గుడ్డ మాసిక వేయుటను గూర్చి ప్రభువు చెప్పిన మాట (మత్తయి 9వ అధ్యాయము) మాకు అక్కడే గుర్తుకు వచ్చింది. వాడితో అనలేదు. కట్టుకట్టిన చేతితో నిలబడినవాడికి ప్రసంగము చేసే సమయము కాదది.

“ఉన్న వేగానికే బ్రేకు చాలడం లేదమ్మా, ఇంకా వేగమెందుకు?” అన్నారు మెకానిక్కుగారు. జపానులో ఈ బండికి ముందు చక్రమునకు డిస్కు బ్రేకు ఉండేది, మన దేశపు బండికి డ్రమ్ము బ్రేకే ఇచ్చారు. వేరే బండి ఫోర్కులు, డిస్కు తెచ్చి వేస్తే సరిపోదా అని మేమే అడిగాము. చట్టము దృష్టిలో అదీ మార్పేనట. 1988 నాటి మోటారు వాహనాల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన మూల నమూనాకు విరుద్ధముగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ వచ్చాయి. కాబట్టి డ్రమ్మునే లేతు మీద సాపు చేయించి క్రొత్త షూలు వేయించాము. సిలిండర్లు రెండూ ఒకే రకము చేయించి, నూనె పంపు తిరిగి పెట్టించాము. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లకు అడిగిన దానికంటే ఎక్కువే అయింది, ఇచ్చాము.

మాకు నిద్ర లేకుండా చేసినది మాత్రం మరొకటి. ఇంజను మీది నంబరు రిజిస్ట్రేషన్ పుస్తకములోని నంబరు కాదు. ఇంజను మార్చితే అధికారి అనుమతితో ఆ నంబరు ఎక్కించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అప్పుడు బండిని పరీక్షిస్తారు కూడా. అది ఎవరి ఇంజనో, దొంగ సొత్తో తెలియకుండా మన బిడ్డ దానిమీద ఆరాధనకు వెళ్తున్నాడు! అమ్మినవారిని వెతికి, ఆ ఇంజను కొన్న బిల్లు తెచ్చుకునే సరికి మూడు వారాలు పట్టింది.

ఉత్తరము వ్రాసిన అన్నగారూ, డబ్బు పంపక ముందు మీరు ఒకసారి వెళ్లి ఆ బండి చూడండి. బ్రేకు నొక్కి చూడండి. పుస్తకములోని నంబర్లు, ఇంజను, ఛాసిస్ మీది నంబర్లతో సరిపోల్చండి. వెళ్లగానే కోప్పడకండి, కోప్పడితే మా వాడిలాగే మీ వాడూ దాచిపెడతాడు.

మా వాడు క్రిస్మసుకు రైలులోనే ఇంటికి వచ్చాడు. ఇంజను నంబరు ఎక్కించిన కాగితము ఇంకా రాలేదు. అది వచ్చేదాకా మీ దగ్గరే ఉంచండి అని, మేము అడగకుండానే, బండి తాళంచెవి అమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు.